ఉపాధ్యాయ సంఘాల పోరాటం బడి కోసమా, జీతం కోసమా?

వానాకాలం చదువు (చర్చ ప్రారంభించినవారు):

ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం 2022 జూన్‌లో ఇచ్చిన 117 జీవోను ఇప్పటి ప్రభుత్వం 2025లో పక్కన పెట్టింది. ఇది తమ ఉద్యమ విజయమేనని ఉపాధ్యాయ సంఘాలు అంటున్నాయి. మా ఊళ్లో మాత్రం "వాళ్లు జీతాల కోసం రోడ్డెక్కారు, బడి పేరు బ్యానరు మీద రాసుకున్నారు, అంతే" అనేవాళ్లే ఎక్కువ.

విషయం తెలియనివారి కోసం: ఆ జీవో ప్రకారం ఒకటి, రెండు తరగతులు ఊరి బడిలో ఉంటాయి. కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాల ఉంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు అక్కడికి వెళ్తాయి. దాన్ని బట్టి ఎక్కడ ఎందరు టీచర్లుండాలో లెక్క తేల్చి, హేతుబద్ధీకరణ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరి 3న పీఆర్సీ (జీతాల సవరణ) కోసం ఉద్యోగులు, ఉపాధ్యాయులు చలో విజయవాడ జరిపారు. ఈ రెండూ ఒకే పోరాటమా, వేర్వేరా? ఏ పార్టీ మంచిదన్న గొడవ ఇక్కడ వద్దు.

పన్ను కట్టేవాడు:

వేర్వేరే. అందులో సందేహం ఎందుకు? ఆ ఫిబ్రవరిలో పోలీసులు ఎక్కడికక్కడ ఆపినా, వేషాలు మార్చుకుని మరీ విజయవాడ చేరారు. బీఆర్‌టీఎస్ రోడ్డంతా జనమే. మెచ్చుకోవలసిన పట్టుదల, కాదనను. మరి అయిదు నెలలు తిరిగేసరికి, జూలైలో బడులు తెరిచినప్పుడు, తరగతులు తరలించొద్దని బడికి తాళం వేసి రోడ్డు మీద కూర్చున్నది ఎవరు? తల్లిదండ్రులు. విజయవాడ వెళ్లిన జనంలో పదో వంతయినా ఆ ఊళ్లకు వచ్చి ఉంటే నేనీ మాట అనేవాడిని కాదు.

ఇంకొకటి. ప్రభుత్వ టీచర్లలో తమ పిల్లలను ప్రభుత్వ బడిలో చదివిస్తున్నవారు ఎందరు? సొంత కొడుకును పొద్దున్నే కార్పొరేట్ స్కూలు బస్సు ఎక్కించి, తాను మాత్రం ప్రభుత్వ విద్యను కాపాడతానంటే ఊరు నమ్ముతుందా?

నల్లబల్ల:

నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచరుని, సంఘ సభ్యుడిని. ఆ చివరి ప్రశ్నకు చివర్లోనే జవాబిస్తాను. ముందు పోస్టు ఎలా మాయమవుతుందో చూడండి, ఎందుకంటే ఈ గొడవకంతటికీ మూలం అదే.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రాథమిక పాఠశాలకు 60 మంది వరకు ఇద్దరు టీచర్లని రాసి ఉంది. పది మందే ఉన్నా ఇద్దరే. ఇప్పుడు 48 మంది పిల్లలున్న ఒక బడిని ఊహించండి. ఇద్దరు టీచర్లున్నారు. పై మూడు తరగతుల నుంచి 30 మందిని హైస్కూలుకు పంపారు. మిగిలింది 18 మంది. కొత్త లెక్క ప్రకారం 30 మంది దాకా ఒకే టీచరు చాలు. రెండో టీచరు మిగులు. ఊళ్లో పిల్లలు తగ్గలేదు, 48 మందీ అలాగే ఉన్నారు. తగ్గింది పోస్టు ఒక్కటే. ఇక ఆ మిగిలిన ఒక్క టీచరు సెలవు పెడితే, ఆ రోజు బడి ఉన్నట్టా లేనట్టా?

"ఎవరి ఉద్యోగమూ తీయలేదు కదా, కోత ఎక్కడ?" అని అధికారులు అడుగుతారు. తీయలేదు, నిజమే. మిగులు అన్న మనిషిని ఇంకో ఖాళీలో సర్దుతారు, దాంతో ఆ ఖాళీ కొత్త టీచర్లను తీసుకునే డీఎస్సీకి చేరదు. కోత పడింది బీఈడీ, డీఈడీ చదివి కోచింగ్ సెంటర్లలో కూర్చున్నవారి మీద. 2019లో వచ్చిన ప్రభుత్వం డీఎస్సీ ప్రకటన ఇచ్చింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల ముంగిట, 6,100 పోస్టులకు. ఆ జూన్‌లో వచ్చిన ప్రభుత్వం మొదటి సంతకం పెట్టింది 16,347 పోస్టులకు. నాలుగు నెలల్లో పది వేల ఖాళీలు కొత్తగా పుట్టుకురావు కదా!

జీతం సంగతి. అప్పటికి మాకు 27 శాతం మధ్యంతర భృతి అందుతోంది. 2022 జనవరి 7న ప్రకటించిన ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, 23 శాతం. ఇంటి అద్దె భత్యం శ్లాబులు కూడా తగ్గించారు. ఎక్కువ తీసుకున్నది తిరిగి రాబడతామన్నారు. వేతన సవరణ జరిగాక చేతికొచ్చే జీతం తగ్గడం అంతకుముందు మేము ఎరగం. రోడ్డెక్కకుండా ఎవరుంటారు?

ఇక పని. 2022లో ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. తొమ్మిదికి ముఖం, ఆ తర్వాత భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పైకెత్తి, సిగ్నల్ కోసం వరండా చివరిదాకా నడిచి దాన్ని అప్‌లోడ్ చేసేవాళ్లం. ఆ లోపు రెండో తరగతి ఏం చేస్తోందో దేవుడికే ఎరుక. మరుగుదొడ్ల ఫొటోల బాధ 2024లో తప్పింది. ఇది ఉద్యోగి హక్కా, పిల్లవాడి హక్కా? విడదీసి చెప్పండి చూద్దాం.

మా అమ్మాయి ప్రభుత్వ బడిలోనే చదివింది. నాతో పనిచేసేవారిలో ఎక్కువమంది పిల్లలు ప్రైవేటులోనే ఉన్నారు. ఆ మాట మాకు తగిలేదే.

రెండో పంట:

మాస్టారి లెక్క సరైనదే, కానీ అది పోస్టుల లెక్క. పిల్లవాడి వైపు నుంచి చూడండి. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. ఒకరు శిక్షణకో మండల కార్యాలయానికో వెళ్తే మిగిలినాయన ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, అయిదో తరగతికి భిన్నాలు చెబుతూ, మధ్యలో మూడో తరగతిని "చప్పుడు చేయకండి" అని కసురుతూ ఉంటాడు. నేను అలాంటి బడిలోనే చదివాను. ఆరో తరగతికి వెళ్లేదాకా లెక్కలకు విడిగా ఒక టీచరుంటారని నాకు తెలియదు.

117 జీవోలో మంచి ఆలోచన ఒకటి ఉంది: మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు. 2020 జాతీయ విద్యా విధానం కూడా రెండో తరగతి దాకా ఒక దశగా, మూడు నుంచి అయిదు దాకా మరో దశగా విడదీసింది. పైగా విద్యను ఆ ప్రభుత్వం వదిలేసిందనడం అన్యాయం. బడులను బాగుచేసే నాడు–నేడు పథకం మొదటి విడతలోనే 15,715 బడులకు 3,669 కోట్లు పెట్టారు. బల్లలు, నీళ్లు, మరుగుదొడ్లు వచ్చాయి. సంఘాలు దాన్ని తలుచుకోవు. బడి చదువుల కోసం తీసుకున్న ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మాట మాత్రం ప్రతి సభలో వినిపిస్తుంది, బడులు కలపమని ఆ బ్యాంకే చెవిలో చెప్పినట్టు.

ఏ మార్పు తెచ్చినా వద్దనే సంఘాన్ని చివరికి ఎవరూ పట్టించుకోరు.

కాలవ అవతలి ఊరు:

నేను టీచర్ని కాదు, తల్లిని. ఆ సంవత్సరం నా పెద్దవాడు నాలుగో తరగతి, చిన్నది ఒకటో తరగతి. అంతకుముందు ఇద్దరూ చెయ్యి పట్టుకుని ఒకే బడికి వెళ్లేవారు. జూలై నుంచి చిన్నది ఊళ్లో, వాడు అవతల. కిలోమీటరు లోపే అని కాగితం మీద ఉంది. ఆ కిలోమీటరులో ఒక కాలవ వంతెన, ఒక పెద్ద రోడ్డు ఉన్నాయి. ఇసుక లారీలు ఆ రోడ్డునే పోతాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఎవరు దాటిస్తారు? పొద్దున్న నేను దాటించేదాన్ని. సాయంత్రానికి కూలి పని మీద పొలంలో ఉంటాను. మా ఊరి నుంచి వెళ్లాల్సిన పిల్లల్లో కొందరు సంక్రాంతి లోపే ప్రైవేటు బడి వ్యానెక్కారు. ఫీజు కట్టగలిగి కాదు, వ్యాను ఇంటి ముందుకు వస్తుందని.

సబ్జెక్టు టీచరు మాట రెండో పంట గారు అన్నారు. వాడికి లెక్కల మాస్టారు బాగానే చెప్పారు, కాదనను. కానీ అదే మాస్టారు పదో తరగతికి కూడా చెప్పాలి. పరీక్షలు దగ్గరపడ్డాక నాలుగో తరగతి గదికి ఎవరూ వచ్చేవారు కాదట.

సంఘం వాళ్లు మా ఊరికి వచ్చారు. రాలేదని అనను. తాళం వేసిన గేటు దగ్గర మాతో నిలబడి మాట్లాడారు, ఫొటో తీసుకున్నారు. నన్ను అడిగితే రావడమే మేలు. కానీ ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఇద్దరు. పిల్లలు తగ్గాక ఒకామెను వద్దన్నారు. నెలకు మూడు వేలే, అయినా ఆమెకు అదే ఆధారం. మిగులు టీచరుకు వేరే ఊరు దొరికింది. మిగులు వంటామెకు ఏం దొరికింది?

పన్ను కట్టేవాడు:

ఇది నేను అడగవలసిన ప్రశ్న. ఈ తల్లి నాకంటే బాగా అడిగారు.

పాత హాజరుపట్టీ:

ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. రెండు మూడు విషయాలు చేరుస్తాను.

వంటవారి లెక్క అలాగే ఉంటుంది. 25 మంది పిల్లల దాకా ఒకరు, 26 నుంచి 100 దాకా ఇద్దరు. నల్లబల్ల గారు చెప్పిన 48 మంది బడి 18కి దిగితే, టీచరు పోస్టుతో పాటు వంటమనిషి స్థానం కూడా తనంతట తానే రాలిపోతుంది. ఒకే కాగితంతో రెండు పోయాయి. మేము ఒకదాని గురించే కరపత్రం వేశాం.

సంఘాలన్నిటినీ ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు. 2022 ఫిబ్రవరి 5 రాత్రి మంత్రుల కమిటీతో ఉద్యోగ సంఘాల నేతలు ఒప్పందం చేసుకుని, ఆ మరుసటి అర్ధరాత్రి మొదలు కావలసిన సమ్మెను విరమించారు. అద్దె భత్యం కొంత సవరించారు, రికవరీ మానుకున్నారు. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఆగింది. దాన్ని ఒప్పుకోమని యూటీఎఫ్, ఎస్టీయూ వంటి ఉపాధ్యాయ సంఘాలు విడిపోయాయి. బడుల విలీనం మీద, ఉపాధ్యాయ, పట్టభద్రుల స్థానాల నుంచి గెలిచిన పీడీఎఫ్ ఎమ్మెల్సీలు "బడి కోసం బస్సు యాత్ర" చేశారు. కాబట్టి ఎవరూ కదలలేదనడం అబద్ధం.

అయితే పన్ను కట్టేవాడు గారి అనుమానానికి ఒక ఆధారం ఉంది, దాన్ని మావాళ్లు బయట మాట్లాడరు. మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూలుకు వెళ్తే అక్కడ సబ్జెక్టు టీచర్ల అవసరం పెరుగుతుంది, ఎస్జీటీలకు స్కూల్ అసిస్టెంటుగా (హైస్కూలు సబ్జెక్టు టీచరుగా) పదోన్నతి దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఒకే హోదాలో ఉన్నవాడికి అది చిన్న ఆశ కాదు. వేదిక మీద జీవోను తిట్టి, కిందికి దిగి సీనియారిటీ జాబితాలో తన పేరు వెతుక్కున్నవారిని నేను చూశాను. ప్రభుత్వానికి ఈ కిటుకు బాగా తెలుసు.

సీపీఎస్‌లోనూ, అంటే జీతంలోంచి వాటా కోసే కొత్త పెన్షన్‌లోనూ, జరిగింది అదే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికే అన్నప్పుడు, అప్పటికే ఉద్యోగంలో ఉన్న మా పాత పెన్షన్‌కు ఢోకా లేదని మేము గట్టిగా పట్టుకోలేదు. వారంలో రద్దు చేస్తామన్న నాయకుడు ముఖ్యమంత్రి అయ్యాక 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టం తెచ్చాడు. అప్పటికి సీపీఎస్ టీచర్లు అరెస్టులు, గృహనిర్బంధాలు చూసేశారు.

వానాకాలం చదువు:

మంచి వివరాలు. ఒక ప్రశ్న: 117 పోయింది కదా, ఇప్పుడు పరిస్థితి మారిందా?

నల్లబల్ల:

సగం. 2025 ఏర్పాటులో మోడల్ ప్రాథమిక పాఠశాల అన్నారు: అయిదు తరగతులకు అయిదుగురు టీచర్లు. వినడానికి ఇదే మేము ఏళ్లుగా అడుగుతున్నది. కానీ ఆ అయిదుగురికి సరిపడా పిల్లల కోసం పక్క బడుల నుంచి తెస్తున్నారు. ఆ జూన్‌లో మళ్లీ కొన్ని ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డు మీదికి వచ్చారు. బడి రకాలు ఆరు ఉండేవి, ఇప్పుడు తొమ్మిది. తరగతికో టీచరు కావాలని రెండో పంట గారు కోరుకున్నదే నేనూ కోరుకుంటాను. పిల్లలను కదిలించి కాదు, టీచర్లను నియమించి ఇవ్వమంటాను. దానికి డబ్బవుతుంది. తేడా అంతా అక్కడే.

రెండో పంట:

తొమ్మిది మంది పిల్లలున్న బడికీ అయిదుగురు టీచర్లా? ఎక్కడో ఒక గీత గీయాలి కదా.

నల్లబల్ల:

గీయండి. గీసేముందు కాలవ, రోడ్డు చూసి గీయండి. దూరం కొలిచే టేపుకు లారీలు కనిపించవు. తొమ్మిది మందికి అయిదుగురిని నేను అడగలేదు, చట్టంలో ఉన్న ఇద్దరిని అడిగాను.

పన్ను కట్టేవాడు:

మాస్టారూ, సూటిగా ఒకటి. మీ సంఘం డిమాండ్ల పత్రంలో వంటవారి గౌరవ వేతనం ఉందా? మరుగుదొడ్లు కడిగే ఆయాల ఆరు వేల సంగతి ఉందా?

నల్లబల్ల:

ఉంది. చివరి నుంచి రెండో అంశం.

పాత హాజరుపట్టీ:

అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు, ఉద్యోగాలు తీసేస్తామన్నారు. పదకొండున్నర వేలు తీసుకునే వర్కర్లు, ఏడు వేల హెల్పర్లు అన్నాళ్లు నిలబడ్డారు. మేము రెండు రోజులు సంఘీభావం తెలిపి వచ్చాం. నిలబడాలంటే నెల జీతం గట్టిగా ఉండాలని మావాళ్లు చేసే వాదన నాకు అందుకే రుచించదు.

పన్ను కట్టేవాడు:

అయితే ఆ అంశాన్ని పైకి జరపడానికి అడ్డం ఏమిటి? సంఘంలో వంటవారు సభ్యులు కారనేగా?

నల్లబల్ల:

అదే అడ్డం. వారి సంఘం వేరు, మాది వేరు. మండల సమావేశంలో తీర్మానం పెడతాను. నెగ్గుతుందని మాట ఇవ్వలేను. పీఆర్సీ, బదిలీలు దాటి మాట్లాడితే కొందరు గడియారం చూస్తారు.

కాలవ అవతలి ఊరు:

మాస్టారూ, ఆ ఆయాల జీతానికి, పిల్లల చదువుకని తల్లులకిచ్చిన అమ్మఒడి డబ్బులోంచి వెయ్యి రూపాయలు పట్టుకున్నారు. అంటే వారికి ఇచ్చింది మేమే. అందుకని అడిగే హక్కు నాకుందనుకుంటున్నాను. మీ తీర్మానం నెగ్గినా నెగ్గకపోయినా, ఆ సమావేశం ఏ రోజో ఇక్కడ రాయండి. మా ఊరి వంటామెను నేనే వెంటబెట్టుకుని వస్తాను. ఆదివారం పెట్టకండి, ఆ రోజు ఆమె పెళ్లిళ్లలో వంటకు వెళ్తుంది.