కరువు ముదరకముందే చేతికి డబ్బు ఇవ్వడం సబబేనా?

చెరువుగట్టు:
తుఫానుకైతే ఫలానా రోజు తీరం దాటుతుందని చెబుతారు. కరువుకు అలాంటి రోజేదీ? నెలల తరబడి ముదిరే ఆపదకు ముందే నగదు పంచితే, అసలు గడ్డుకాలం వచ్చేసరికి అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. అదే డబ్బుతో చెరువుల్లో పూడిక తీయించొచ్చు కదా.

గడ్డివాము:
రోజు తెలియకపోయినా జాడలు తెలుస్తాయండీ. సోమాలియాలో 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు వచ్చాయి. క్షామం అని ప్రకటించింది 2011 జూలైలో. దాదాపు 2,60,000 మంది పోయారు, అందులో సగం మంది ఐదేళ్ల లోపు పిల్లలే. పశువులను పెంచుకుని బతికేవాళ్ల దగ్గర కరువు ముందు సంతలో కనబడుతుంది. మేత లేక అందరూ ఒకేసారి మేకల్ని తోలుకొస్తారు, రేటు పడిపోతుంది. గింజల ధరేమో పెరుగుతూ పోతుంది. ఆ మొదటి నెలల్లోనే చేతిలో డబ్బు పడితే మేత కొంటారు, పాలిచ్చే పశువునైనా నిలుపుకుంటారు. అన్నీ అమ్ముకున్నాక ఇచ్చే డబ్బు తిండికే చాలదు, ఇక మందను మళ్లీ ఎక్కడ కొంటారు?

చెరువుగట్టు:
సరే, ఇప్పుడు ఇవ్వండి అని చెప్పేదెవరు? ఫైలు కదిలేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

గడ్డివాము:
అందుకే షరతు ముందే రాసిపెట్టుకోవాలి. కెన్యా ఉత్తర ప్రాంతంలోని తుర్కానా, మార్సబిట్ లాంటి కౌంటీల్లో ఉపగ్రహం చూపే పచ్చదనం ఒక స్థాయి కంటే తగ్గితే, మామూలుగా సాయం అందని కుటుంబాల ఖాతాల్లోకి కూడా డబ్బు వేసే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత వాన పడిందనుకోండి, ఏం మునిగింది? కొన్ని అప్పులు తీరతాయి.

ఉప్పుబావి:
మీరిద్దరూ కరువు దగ్గరే ఆగిపోయారు. సముద్రం పైకి జరిగి పొలాలు చౌడు బారితే? ఉప్పునీటిని ఆపే గట్టు ఒంటరిగా కట్టడం ఏ ఇంటి వల్లా కాదు, అక్కడ డబ్బు ఊరి పనులకే పెట్టాలన్న చెరువుగట్టు గారి మాటే రైటు. నగదుతో ఉప్పును తట్టుకునే విత్తనం కొనొచ్చు, అదీ దుకాణంలో దొరికితేనే. సరుకే రాని సంతలో డబ్బు పోస్తే ధరలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

చెరువుగట్టు:
మేత విషయం ఒప్పుకుంటాను. కానీ ఆ పచ్చదనం స్థాయి ఎంతన్నది దాతలు ఎక్కడో కూర్చుని తేల్చకూడదు. మంద తోలేవాళ్లు కూడా ఆ లెక్కలో కూర్చోవాలి.