పాత కంప్యూటర్ క్యాబినెట్‌కి కోత పెట్టాలా, నాలుగు వేలు పోసి కొత్తది కొనాలా?

కృష్ణాతీరం:
విజయవాడ నుంచి రాస్తున్నా. రెండేళ్ల క్రితం రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో సిస్టమ్ కట్టించుకున్నాను. డబ్బంతా లోపలి సామానుకే పోయింది, క్యాబినెట్ మాత్రం లైట్లు చూసి తీసుకున్నాను. ముందు భాగం మొత్తం అద్దం. అద్దానికీ రేకుకీ మధ్య చిటికెన వేలు కూడా పట్టనంత సందు. ముందు లోపల రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి. మేలో గది 38 డిగ్రీలున్న మధ్యాహ్నం అరగంట గేమ్ ఆడితే ప్రాసెసర్ 87, గ్రాఫిక్స్ కార్డు 84. ఫ్యాన్ల మోత భరించలేక పక్క గదిలో నాన్న తలుపేసుకుంటున్నారు.

మా బావ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చోట పని చేస్తాడు. "పై రేకుకి రెండు బొక్కలు కొట్టి ఫ్యాన్లు పెడదాం, గంట పని" అంటున్నాడు. సిస్టమ్ కట్టిన షాపాయనేమో "దాని మీద చెయ్యి పెట్టకు, జాలీ ముందుభాగం ఉన్న కొత్త క్యాబినెట్ తీసుకో" అంటున్నాడు. నేను ఇంతవరకు డ్రిల్ మిషన్ పట్టుకోలేదు. మొదటిసారి చేసేవాళ్లు రేకు కొయ్యడం మంచిదా? నా దగ్గర రెండు వేలున్నాయి.

రేకుపని:
కొయ్యి తమ్ముడూ. బావలాంటి మనిషి ఇంట్లో ఉండి కూడా ఆలోచిస్తావేం?

పద్ధతి చెప్తాను. రేకు మీద మాస్కింగ్ టేపు అంటించు. ఫ్యాన్‌నే దాని మీద పెట్టి నాలుగు స్క్రూ రంధ్రాలూ పెన్సిల్‌తో గుర్తు పెట్టు. 120 ఎంఎం ఫ్యాన్‌కి స్క్రూకీ స్క్రూకీ మధ్య 105 ఎంఎం ఉండాలి, 140 ఫ్యాన్‌కైతే 124.5. స్కేలుతో ఒకసారి సరిచూసుకో. ఎదురు మూలల్ని గీతతో కలిపితే నడిమి చుక్క దొరుకుతుంది. అక్కడ సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఇనుప కడ్డీ) ఒక్క దెబ్బ వెయ్యి, లేకపోతే బిట్టు జారి రేకంతా గీసేస్తుంది. కింద చెక్క ముక్క ఆనించి, మిషన్ తక్కువ స్పీడులో, హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపపు బిట్టు) నిదానంగా దించాలి. తొందరపడితే పలచటి రేకు ఒక్కసారి బిట్టుకి చుట్టుకుని చేతి మీదికి తిరుగుతుంది. ఆకురాయితో అంచు రుద్ది, కారు డోర్లకి వేసే రబ్బరు బీడింగ్ తొడుగు. ఆటోనగర్‌లో అడిగితే మీటర్లలెక్కన కోసి ఇస్తారు. కళ్లద్దాలు లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. గ్లవుజులు మిషన్ తిరిగేటప్పుడు కాదు, కోసిన అంచు ముట్టుకునేటప్పుడు వేసుకో.

నాలుగు వేల క్యాబినెట్‌లో వచ్చేదీ అదే పలచటి రేకు. పాతది తుక్కుకి వేసి కొత్తది తెచ్చుకోవడం నాకు మనసొప్పదు.

బెంచీమీద:
సికింద్రాబాద్‌లో పదహారేళ్లుగా రిపేర్ పనిలో ఉన్నాను. నేను వద్దంటాను, ఎందుకో వివరంగా చెప్తాను.

పోయిన ఏడాది ఒక కుర్రాడు సిస్టమ్ తెచ్చాడు. యూట్యూబ్ చూసి పై రేకుకి రంధ్రం కొట్టాడు. మదర్‌బోర్డు విప్పడానికి భయపడి దాని మీద పేపర్ కప్పి కోశాడు. మూడు రోజులు బాగానే నడిచింది, నాలుగో రోజు పవర్ రాలేదు. బోర్డు విప్పి వెనక్కి తిప్పాను. రామ్ స్లాటు వెనక రెండు టంకం చుక్కల మధ్య గోటి కొసంత ఇనుప పోగు, రింగులా చుట్టుకుని పడి ఉంది. పేపర్ పక్క సందులోంచి జారింది. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ తీస్తే మోటారులోని అయస్కాంతం ఇనుప రజనుని గెడ్డంలా పట్టుకుని ఉంది. దూదితో, టేపుతో దులపడానికి పూట పట్టింది. బోర్డు మాత్రం బతకలేదు. ఆ అబ్బాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బు అది. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

ఇక నీ సంగతి. నీ క్యాబినెట్‌కి గాలి లోపలికి వచ్చే దారి లేదు. పైన రెండు ఎగ్జాస్ట్‌లు పెట్టడమంటే కిటికీలు మూసిన వంటింటికి ఇంకో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించడమే. పైన ఎంత లాగినా ముందు నుంచి రావాలిగా. కోత గురించి తర్వాత తేల్చుకుందాం, ముందు ఇది చెయ్యి: అదే గేమ్, అదే వేళ, అరగంట. ఒకసారి ఉన్నది ఉన్నట్టు. ఒకసారి ముందు భాగం ఊడదీసి. ఒకసారి పక్క అద్దం కూడా తీసి. మూడుసార్లూ గది వేడి రాసుకుని, ప్రాసెసర్, కార్డు చూపే డిగ్రీల్లోంచి తీసేయ్. గది 38 ఉంటే ఏ ఫ్యాన్ పెట్టినా లోపల 38 కన్నా తగ్గదు కాబట్టి చూడాల్సింది తేడానే. పక్క అద్దం తీసినా ప్రాసెసర్ కదలకపోతే తప్పు క్యాబినెట్‌ది కాదు, ప్రాసెసర్ మీది కూలర్‌దో, ఆ రెండిటి మధ్య పూసే పేస్ట్‌దో. 5600తో పెట్టెలో వచ్చే చిన్న కూలరే వాడుతున్నావనుకుంటా. ఆ ప్రాసెసర్ హద్దు 90 డిగ్రీలు, నువ్వు 87లో ఉన్నావు.

అద్దాలు విప్పేటప్పుడు జాగ్రత్త. అది టెంపర్డ్ గ్లాస్. దానికి డ్రిల్ పెట్టావంటే మొత్తం పలుకులుగా రాలిపోతుంది. టైల్స్ నేల మీద మూల ఆనించి నిలబెట్టినా పగిలిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. మంచం మీద పడుకోబెట్టు.

రేకుపని:
అన్నా, మీరు చెప్పిన అబ్బాయి తప్పు రేకు కొయ్యడం కాదు, బోర్డు విప్పకుండా కొయ్యడం. ఆ రెండింటినీ కలిపేస్తే ఎలా? బోర్డు, కార్డు, కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్కు అన్నీ బయటికి తీసి, ఖాళీ డొక్కు మీద పని చేసి, నీళ్లతో కడిగి, ఎండబెట్టి, అప్పుడు బిగించాలి. ఇది నేను మొదటే రాసి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. కానీ భయం పేరు చెప్పి మొదటిసారి చేసేవాళ్లని ఆపేస్తే వాళ్లకి రెండోసారి ఎప్పుడొస్తుంది?

బెంచీమీద:
కడగడం వరకు బాగుంది. కోసిన చోట పెయింట్ పోయి పచ్చి ఇనుము బయటపడుతుంది, ఆరాక ప్రైమర్ కొట్టకపోతే మన వానాకాలానికి తుప్పు పడుతుంది. ఇన్ని మెట్లున్న పని రెండు వేలున్న కుర్రాడికి మొదటి పనిగా చెప్పకూడదన్నదే నా మాట.

ఖమ్మం_ఇల్లు:
ఇద్దరూ దుమ్ము మాట ఎత్తలేదు. మా ఇల్లు గ్రానైట్ కోసే యూనిట్లకి దగ్గర. పైన రంధ్రమంటే సిస్టమ్ ఆపినప్పుడల్లా దుమ్ము నేరుగా బోర్డు మీదికి దిగడమే. నేను కోతలేవీ పెట్టలేదు. ముందు అద్దం తీసేసి, కిటికీలకి కొట్టే దోమల జాలీని కొలతకి కత్తిరించి వెల్క్రోతో అంటించాను. పదిహేను రోజులకోసారి పీకి, కొళాయి కింద కడిగి, ఆరాక పెడతాను. మొదటిసారి కడిగినప్పుడు బూడిద రంగు నీళ్లు పోతుంటే ఇదంతా ఇన్నాళ్లూ కార్డు రెక్కల్లోకి వెళ్లిందా అనిపించింది.

ఇంకోటి, లోపలికి తోసే గాలి బయటికి లాగేదానికన్నా కాస్త ఎక్కువుండాలి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి పోతుంది, దుమ్ము జాలీ దగ్గరే ఆగుతుంది. పైన రెండు ఎగ్జాస్ట్‌లు పెడితే లెక్క తిరగబడి ప్రతి సందూ దుమ్ము పీలుస్తుంది.

పాతపెట్టె:
నేను రేకుపని గారి పక్షం, కానీ నా కారణం వేరు. మా నాన్న 2003లో కొన్న తెల్ల క్యాబినెట్ అటక మీద ఉండేది. ఇప్పుడు పసుపు తిరిగింది. ఆ సిస్టమ్‌లోనే నేను పెయింట్ బ్రష్ ప్రోగ్రాంతో బొమ్మలు గీయడం నేర్చుకున్నాను, ఆయన అందులోనే ఇంటి ఖర్చుల లెక్కలు రాసుకునేవారు. బోర్డులకీ క్యాబినెట్లకీ ఏటీఎక్స్ అనే కొలతలు 1995లో ఇంటెల్ పెట్టినవే ఇప్పటికీ నడుస్తున్నాయి కాబట్టి ఇవాళ్టి బోర్డు అందులో స్క్రూతో స్క్రూ కూర్చుంది. ఒక్కచోటే ఆగాను. పాత పవర్ లైట్ వైరుకి మూడు పిన్నుల క్లిప్పు ఉంటుంది, నడిమిది ఖాళీ. ఇప్పటి బోర్డులకి రెండే. సూదితో చిన్న నాలుక ఎత్తి పిన్నుని పక్క గడిలోకి మార్చాను.

వెనక 80 ఎంఎం ఫ్యాన్ చోటు ఒక్కటే ఉంది. ముందు రేకుని కొయ్యకుండా అది ఈ కాలపు కార్డుని మోయలేదు. కోశాను, ప్లాస్టిక్ ముఖం మాత్రం అలాగే ఉంచాను. నాన్న స్విచ్చి నొక్కి చూసి, ఏమీ అనకుండా కాసేపు అక్కడే కూర్చున్నారు. దీనికి బదులు కొత్తది కొంటే ఇది ఎవరూ ఇవ్వలేరు. కృష్ణాతీరం గారి క్యాబినెట్‌తో ఆయనకి అలాంటి బంధమేమీ లేకపోతే బెంచీమీద గారి మాటే వినొచ్చు.

హాస్టల్_404:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా క్యాబినెట్ వెనక స్క్రూ ముట్టుకుంటే జిల్లుమంటోంది. టెస్టర్ పెడితే లైటు వెలుగుతోంది. స్క్రూలకి రబ్బరు వాషర్లు వేస్తే పోతుందా?

బెంచీమీద:
పోదమ్మా, వాషర్లు వెయ్యకు. నీ గది సాకెట్‌లో ఎర్త్ పని చెయ్యడం లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు లైన్‌కీ డొక్కుకీ మధ్య ఉంటాయి. వాటినుంచి వచ్చే కాస్త కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది డొక్కు మీదే నిలుస్తుంది. చాలాసార్లు జిల్లుమనడంతోనే పోతుంది, కానీ ఎప్పుడైనా లోపల నిజంగా షార్ట్ అయితే కాపాడేది ఆ ఎర్తే. వార్డెన్‌కి చెప్పి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి ఉంటే ఇవాళే తీసేయ్. కృష్ణాతీరం, నీకూ ఇదే మాట. క్యాబినెట్ పని మొదలుపెట్టే ముందు ఇంటి సాకెట్ చూపించుకో.

రంగులరాట్నం:
పని ఎలాగూ మొదలవుతోంది కాబట్టి లైట్ల మాట. ఒక్కో బల్బుకి వేరే రంగు ఇచ్చే మూడు పిన్నుల ఏఆర్‌జీబీ లైటు 5 వోల్టులది, అన్నీ ఒకే రంగులో వెలిగే నాలుగు పిన్నుల మామూలు ఆర్‌జీబీ 12 వోల్టులది. ఐదు వోల్టుల స్ట్రిప్పుని 12లో గుచ్చితే ఆ క్షణమే పోతుంది. అచ్చుపోసిన చవక మోలెక్స్-సాటా కన్వర్టర్లు (ఒక రకం పవర్ ప్లగ్గుని ఇంకో రకానికి మార్చేవి) కూడా కొనొద్దు, లోపల వైర్లు అంటుకుని కాలుతాయి.

కృష్ణాతీరం:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని బెంచీమీద గారు చెప్పినట్టు మూడుసార్లు చూశాను. గది 37.

ఉన్నది ఉన్నట్టు: ప్రాసెసర్ 86, కార్డు 83.
ముందు అద్దం తీసేశాక: ప్రాసెసర్ 80, కార్డు 75.
పక్క అద్దం కూడా తీశాక: ప్రాసెసర్ 78, కార్డు 73.

కార్డు ఎనిమిది డిగ్రీలు దిగింది, ఒక్క రంధ్రమూ కొట్టకుండా. మోత కూడా తగ్గింది. నాన్న తలుపు తెరిచి "ఆపేశావా?" అని అడిగారు.

ఖమ్మం గారి జాలీ పద్ధతి చేస్తున్నాను. మిగిలిన డబ్బుకి ప్రాసెసర్‌కి నిలువుగా ఉండే ఒక టవర్ కూలర్ చూశాను, ఎత్తు 155 ఎంఎం. నా క్యాబినెట్‌లో 160 వరకు పడుతుంది. కానీ బావకి ఇది చెప్తే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేద్దామనుకున్నాడు.

రేకుపని:
లెక్కలు చూశాను. పై రేకు సంగతిలో నేను తొందరపడ్డాను, నీ క్యాబినెట్‌కి అది మందు కాదు. రేకు కొయ్యడం నేర్చుకోవాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. బావకి ముందు భాగం పని ఇవ్వు. వెల్క్రో జాలీ ఎండకి వదులవుతుంది. అద్దం స్థానంలో కొలతకి ఒక రేకు ఫ్రేము చేయించి, రెండు రంధ్రాలు కోయించి, వెనక జాలీ బిగించమను. అది విడి ముక్క, బోర్డుకి ఆమడ దూరంలో చేసే పని. పాడైతే ఇంకో ముక్క.

బెంచీమీద:
దీనికి నాకు అభ్యంతరం లేదు. రంధ్రాలు మాత్రం ఫ్యాన్లు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడికే పడాలి. కొలతలు నువ్వే తీసి కాగితం మీద గీసి ఇవ్వు, ఆయన అంచనాకి వదలకు.

కృష్ణాతీరం:
అట్ట మీద గీసి కత్తిరించి, ఫ్యాన్ల ముందు పెట్టి చూశాను, సరిపోయింది. హోల్ సా సైజు ఎంత చెప్పాలి? బావ దగ్గర 100 ఉంది, 120 తెస్తానంటున్నాడు.

రేకుపని:
114 అడుగు, నాలుగున్నర అంగుళాలది. 120 కొడితే ఫ్యాన్ ఫ్రేము అంచు ఆనడానికి నాలుగు వైపులా రేకు మిగలదు. ముందు పనికిరాని రేకు మీద ఒకటి నువ్వు కొట్టు, ఒకటి బావ కొడతాడు.