నాన్నగారి విటమిన్ ఈ, సెలీనియం డబ్బాలు: ప్రోస్టేట్‌కి మంచివా, చెడ్డవా? ఒంటిని బట్టి మారుతుందా?

సింహాచలం_మెట్లు:
నాన్నగారికి 66. రోజూ ఆర్కే బీచ్‌లో వాకింగ్ బ్యాచ్‌తో నడుస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా విటమిన్ ఈ, సెలీనియం వేసుకోమని ఆ బ్యాచ్‌లో ఎవరో చెప్పారట. అమెరికాలో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే రెండు డబ్బాలు పంపించేశాడు. ఒకదాని మీద 400 ఐయూ, రెండోదాని మీద 200 మైక్రోగ్రాములు అని ఉంది. నాలుగు నెలలుగా వేసుకుంటున్నారు. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష ఉంటుంది కదా, పీఎస్ఏ అని, పోయినేడాది 3.9 ఉన్నది మొన్న 5.8 వచ్చింది. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ గారు అడిగితే నా ఎదురుగానే "బీపీ మాత్ర ఒక్కటేనండీ" అన్నారు. బయటికొచ్చాక అడిగితే, "విటమిన్ మందెలా అవుతుందిరా?" అని నామీదే కోప్పడ్డారు. వీటి వల్లే పెరిగిందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జగదాంబ_మందులకొట్టు:
మా కొట్టుకి వచ్చేవాళ్లు పేరు కూడా అడగరు. "పిక్కలు పట్టేస్తున్నాయి, ఆ ఆకుపచ్చ గొట్టాలు ఓ షీటు ఇవ్వు" అంటారు. అది విటమిన్ ఈ 400. సగం మంది కత్తిరించి మొహానికి రాసుకుంటారు, దాంతో గొడవ లేదు. రోజూ మింగేవాళ్ల గురించే నా బెంగ. రోజుకి 15 మిల్లీగ్రాములు చాలునంటే, ఒక్క గొట్టంలో 400 ఉంటుంది.

పాతపాఠం (బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను):
బాబూ, ముందు కంగారు పడకు. పీఎస్ఏ పెరగడానికి వయసుతో గ్రంథి ఉబ్బడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటి కారణాలు చాలా ఉంటాయి. నాలుగు నెలల మాత్రల మీదకి నెట్టేయలేం. అలాగని ఆ డబ్బాలు మంచివనీ అనను. మీ బావ పంపిన మోతాదులతోనే 2001లో సెలెక్ట్ అనే పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 35 వేల మంది పైచిలుకు మగవాళ్లు. ఉపయోగం కనపడక 2008లో మాత్రలు ఆపించారు. ఆపాక కూడా గమనిస్తే, 2011 నాటికి తేలింది ఇది: ఏడేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వెయ్యిమందిలో 65 మందికి ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే, విటమిన్ ఈ ఒక్కటే వేసుకున్న వెయ్యిమందిలో 76 మందికి వచ్చింది.

ఉక్కునగరం_తాత:
మరి ఫిన్లాండ్ సంగతో? అక్కడ సిగరెట్లు తాగే 29 వేల మందికి 50 మిల్లీగ్రాముల విటమిన్ ఈ ఇస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ మూడోవంతు దాకా తగ్గింది కదా. నేను పదేళ్లుగా వేసుకుంటున్నాను, ఏమీ కాలేదు.

పాతపాఠం:
తగ్గింది, నిజమే. మోతాదు వేరు, మనుషులు వేరు, పైగా పొగ. తమరు పదేళ్లు బాగున్నారంటే సంతోషమే గానీ, ఒక్కరితో లెక్క తేలదండీ. సెలెక్ట్‌లో వాళ్ల కాలిగోళ్లు కత్తిరించి దాచి, సెలీనియం ఎంతుందో చూశారు. ముందే బాగా ఉన్నవాళ్లు మళ్లీ సెలీనియం మింగితే తీవ్రమైన రకం క్యాన్సర్ దాదాపు రెండింతలైంది. తక్కువున్నవాళ్లని విటమిన్ ఈ దెబ్బకొట్టింది. ఒకే మాత్ర, ఒంటిని బట్టి ఫలితం మారింది.

ఇక జన్యువుల (జీన్స్) మాట. కణంలో పుట్టే ఒక రకం చెడు ఆక్సిజన్‌ని ఎస్ఓడీ2 అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని శుభ్రం చేసే ఎంజైముల్లో ఒకదానికి సెలీనియం కావాలి. జన్యువుని బట్టి ఎస్ఓడీ2లో 16వ చోట కొందరికి అలనైన్, కొందరికి వాలిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అలనైన్ ఉంటే ఆ ఎంజైము మైటోకాండ్రియాలోకి (కణానికి శక్తి తయారుచేసే భాగంలోకి) తేలిగ్గా వెళ్లి జోరుగా పనిచేస్తుంది. మొదటి బండి చెత్త గబగబా తెచ్చి వీధి చివర పోస్తోంది, రెండో బండి రాలేదు అనుకో, కుప్ప పడుతుంది కదా? 2005లో అమెరికా డాక్టర్ల రక్తం మీద చేసిన పరిశీలనలో, అమ్మానాన్నలిద్దరి నుంచీ అలనైనే వచ్చినవాళ్లకి ఒంట్లో యాంటీఆక్సిడెంట్లు (ఈ చెడు ఆక్సిజన్‌ని అదుపు చేసే విటమిన్ ఈ, సెలీనియం లాంటివి) తక్కువుంటే ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, బాగా ఉంటే తక్కువ అని కనపడింది. వాలిన్ వాళ్లలో అంత తేడా లేదు. ఈ జన్యువుని చూసి ఇవాళ మందు చీటీ రాసే డాక్టరు మాత్రం ఎవరూ లేరు.

కానాగంత_పులుసు:
నేను ఆ తెలివితక్కువ పని చేశానండీ. ఆన్‌లైన్‌లో జీన్ టెస్ట్ కిట్ తెప్పించుకుని, గొట్టంలో ఉమ్మి పంపించాను. ముప్పై పేజీల రిపోర్టు వచ్చింది. "మీకు యాంటీఆక్సిడెంట్ల అవసరం అధికం" అని ఎర్రక్షరాల్లో ఉంది. ఆఖరి పేజీ తిప్పితే ఆ కంపెనీ మాత్రలే, పదిహేను శాతం డిస్కౌంట్! యూరాలజిస్టుకి చూపిస్తే ఆయన పక్కన పెట్టి, "చేపలు తింటారా?" అన్నారు. వారానికి నాలుగు రోజులండీ అన్నాను. "అయితే సెలీనియం కొనక్కర్లేదు" అన్నారు.

సింహాచలం_మెట్లు:
అప్‌డేట్. డబ్బాలు సంచీలో వేసుకుని నేనే డాక్టర్ గారి టేబుల్ మీద పెట్టాను. నాన్నగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. రెండూ ఆపమన్నారు. యూరిన్ కల్చర్‌లో ఇన్‌ఫెక్షన్ తేలింది, మందులు వాడాక ఆరు వారాలకి పీఎస్ఏ 4.2. ఆరు నెలలకి మళ్లీ చేయించమన్నారు. నాన్నగారు వాకింగ్ బ్యాచ్‌కి కాలిగోళ్ల కథ చెప్పొచ్చారు, ఎవరూ నమ్మలేదట.

బావకి ఏం చెప్పాలో మాత్రం తెలీడం లేదు. వచ్చే వారం ఎవరో ఇండియా వస్తుంటే, వాళ్లతో ఇంకో నాలుగు డబ్బాలు పంపుతున్నాడట.