కబడ్డీ ఆడితే పెళ్లికి ఇబ్బందా? ఇది బడిలో చెప్పాలా, వద్దా?

హన్మకొండ పెద్దమ్మ:
మా చెల్లె బిడ్డ తొమ్మిదో తరగతి, కబడ్డీ బాగా ఆడుతుంది. ఈసారి పోటీలకు పోకుండా వాళ్ల బాపమ్మ ఆపేసింది. ఆటల్లో కన్నెపొర చిరుగుతుందంట, రేపు మొగుడు అనుమానిస్తాడంట. పిల్ల వచ్చి "పెద్దమ్మా, నిజమేనా?" అని అడిగితే, ఇద్దరు పిల్లల్ని కన్న నాకే సరిగ్గా చెప్పరాలేదు. ఇవి బడిలోనే చెప్పాలంటాను. మీరేమంటారు?

నర్సంపేట పంతులు:
అనడం తేలికే. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది, దాన్నే చాలామందిమి "ఇంట్లో చదువుకోండి" అని దాటేస్తాం. నేనూ దాటేశాను. చెబితే తెల్లారి తల్లిదండ్రులు గేటు దగ్గరుంటారు. ఇవి తల్లులు చెప్పాల్సినవి.

నైట్ డ్యూటీ నర్సు:
తల్లులకు తెలిస్తే కదా సార్ చెప్పేది! కన్నెపొర అంటే సీసాకు వేసిన సీలు కాదు. యోని ద్వారం అంచున ఉండే మెత్తని, సాగే పొర, చాలామందిలో నెలవంకలా, కొందరిలో ఉంగరంలా ఉంటుంది, కొందరికి పుట్టుకతోనే ఉండీ లేనట్టుంటుంది. అది పూర్తిగా మూసుకొని ఉంటే నెలసరి ఎట్లా బయటికొస్తుంది? నిజంగానే మూసుకుపోయిన పిల్లలు అరుదుగా ఉంటారు, నెలనెలా కడుపునొప్పి వస్తుంది కానీ రక్తం కనబడదు, వాళ్లకు చిన్న ఆపరేషన్ చేయాలి. ఇక మొదటి రాత్రి రక్తం, చాలామందికి అసలు రాదు. వచ్చినా కంగారు వల్లో, తడి లేకపోవడం వల్లో అయ్యే చిన్న గాయం కావచ్చు. పొర చూసి అమ్మాయి ఎవరితోనైనా కలిసిందా లేదా అన్నది ఏ డాక్టరూ చెప్పలేరు.

కాజీపేట కుర్రాడు:
మరి రేప్ కేసుల్లో డాక్టర్లు పరీక్ష చేసేవాళ్లు కదా అక్కా? ఏమీ తెలియనిదానికి ఎందుకు చేసినట్టు? ఇంత వివరంగా చెబితే పిల్లలకు లేని ఆలోచనలు వస్తాయి కూడా.

కోర్టు గుమ్మం:
చేసేవాళ్లు, తప్పు చేశారు. యోనిలో వేళ్లు పెట్టి చూసే ఆ రెండు వేళ్ల పరీక్ష బాధితురాలి గౌరవానికి, గోప్యతకు భంగమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. వినలేదు. 2022 అక్టోబర్ 31న మళ్లీ చెప్పాల్సి వచ్చింది, చేసినవాళ్లది దుష్ప్రవర్తనే అవుతుందని, వైద్య విద్యార్థుల పాఠాల్లోంచి తీసేయమని. ఆ ధర్మాసనంలో ఉన్న హిమా కోహ్లీ గారు మన తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా చేసినావిడే. కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పింది. డాక్టర్ల పాఠమే మార్చాల్సి వస్తే, పాపం ఆ బాపమ్మను ఏమంటాం?

నైట్ డ్యూటీ నర్సు:
తమ్మీ, నీకు ఇవన్నీ ఎవరు చెప్పారు?

కాజీపేట కుర్రాడు:
హాస్టల్లో సీనియర్లు, ఇంకా ఫోను. వచ్చే నెల నా పెళ్లి అక్కా, దోస్తులు తెల్లదుప్పటి జోకులు వేస్తున్నారు. ఇందాకటి నుంచి చదువుతుంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

నర్సంపేట పంతులు:
ఇట్లయితే అబ్బాయిలకే ముందు చెప్పాలేమో. అయినా నా భయం నాకుంది, ఊళ్లో ఏఎన్ఎమ్మో డాక్టరమ్మో పక్కన ఉంటే నేను పాఠం మొదలుపెడతా.

హన్మకొండ పెద్దమ్మ:
ఇవన్నీ బాపమ్మకు చదివి వినిపించా. "పదేళ్లకే నాట్లు వేశావు, గడ్డిమోపులు మోశావు, అప్పుడు చిరగలేదా?" అని అడిగా. "పని వేరు, ఆట వేరు" అంది. పోటీలు నిన్ననే అయిపోయాయి.