ఏళ్ళ తరబడి షెడ్లో ఆగిపోయిన పద్మిని: నడుపుకుంటూ తెచ్చుకోవాలా, డీసీఎం ఎక్కించాలా?

తణుకు_టు_ఉప్పల్:
అందరికీ నమస్తే. తణుకు దగ్గర ఒక ఊళ్ళో పాత రైస్‌మిల్లు షెడ్లో 1986 ప్రీమియర్ పద్మిని చూసొచ్చాను. క్రీమ్ కలరు, స్టీరింగ్ పక్కన గేరు, మూడక్షరాల పాత నంబరు, మొదట్నుంచీ ఒకే ఓనరు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టారు, చూపు తగ్గి నడపడం మానేశాక బండి పదేళ్ళ పైనే కదల్లేదు, వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అయినా వేరే బ్యాటరీ కట్టి కార్బురేటర్లో కాస్త పెట్రోలు పోసి తిప్పితే ఇంజను అందుకుంది, ఆ సౌండు వింటుంటే మాస్టారి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అడ్వాన్సు ఇచ్చేశాను. మా ఇల్లు ఉప్పల్లో. తాడేపల్లిగూడెం, ఏలూరు, హనుమాన్ జంక్షన్, బెజవాడ, కోదాడ, సూర్యాపేట మీదుగా సుమారు 400 కిలోమీటర్లు. నాకు నడుపుకుంటూ రావాలనుంది, మా బావేమో డీసీఎం లారీ ఎక్కించమని గొడవ. మీరేమంటారు? ఊరికే అవును కాదు అనకుండా కారణాలు చెప్పండి ప్లీజ్.

పాయింట్లు_కండెన్సరు:
నడుపుకుంటూనే రా తమ్ముడూ. 1089 సీసీ ఇంజను, ఎలక్ట్రానిక్స్ ఒక్క ముక్క లేదు, పెట్రోలు రావాలి నిప్పు రావాలి అంతే. నిప్పు రప్పించే పాయింట్లు, కండెన్సరు, కాయిలు, ఇంకా ఫ్యాను బెల్టు, రేడియేటర్ హోసులు రెండూ, నీళ్ళ క్యాను వెనక పడేసుకుంటే రోడ్డు పక్కనే సరిచేసుకోవచ్చు. ఎండలో బెజవాడ దాటాక ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరై ఇంజనుకి అందకపోతే (వేపర్ లాక్ అంటారు) బండి ఆపి పంపు మీద తడిగుడ్డ వెయ్యి, పావుగంటలో మళ్ళీ అందుకుంటుంది, పాత డ్రైవర్లందరూ చేసిన పనే. నేను నడపమనడానికి అసలు కారణం వేరే ఉంది. లారీ మీద తెచ్చిన పాత బండ్లలో ఎన్ని రోడ్డెక్కాయో చూడు. అపార్టుమెంటు సెల్లార్లో దింపుతారు, వచ్చే నెల పని మొదలెడదాం అంటారు, కవరు కప్పుతారు, అంతే సంగతులు, షెడ్డు మారుతుంది గానీ బండి కదలదు. నడుపుకుంటూ రావాలి అనుకుంటేనే అవసరమైన పని అక్కడే చేయిస్తావు. పైగా గోదావరి జిల్లాల్లో ఫియట్ మీద చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు, హైదరాబాద్‌లో వాళ్ళని వెతుక్కోవాలి.

డ్రమ్ముల_కోటి:
నేను గట్టిగా వద్దంటాను. ఇంజను స్టార్టవ్వడం అన్నిటికంటే తేలిక పరీక్ష, దాన్ని చూసే అందరూ పడిపోతారు. బండి కదలడం గురించి కాదు, ఆగడం గురించి అడుగు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, పదేళ్ళు డెల్టా తేమలో ఉంటే చక్రాల దగ్గర బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్ల లోపల గోడలు తుప్పు పట్టి గుంటలు పడతాయి, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులు గట్టిపడతాయి. షెడ్లో పెడల్ తొక్కి చూస్తే గట్టిగానే తగుల్తుంది, ఆ గట్టిదనాన్ని నమ్మకు. ఏలూరు బైపాస్‌లో నాలుగుసార్లు గట్టిగా తొక్కితే ఆ గుంటల మీద కప్పు చిరిగి ఆయిలంతా డ్రమ్ములో పడుతుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, పాత వాటిలో బ్రేక్ లైను కూడా నాలుగిటికీ కలిపి ఒకటే సర్క్యూట్, ఒక చక్రం దగ్గర కారితే మిగతా మూడూ పోతాయి. పెడల్ ఫ్లోరుకి అంటుకున్నాక హ్యాండ్ బ్రేకు ఒక్కటే దిక్కు, అది పదేళ్ళుగా ఏ స్థితిలో ఉందో నీకు తెలీదు.

టైర్లు చూశావా? పక్కన చివర్లో నాలుగంకెలు ఉంటాయి, 2311 అని ఉంటే 2011లో 23వ వారం తయారైందని అర్థం. బటన్లు బాగున్నాయిగా అంటారు అందరూ. బటన్లు అరక్కపోయినా లోపల రబ్బరు చచ్చిపోతుంది, అరవై మీద వెళ్తుంటే తొక్క ఊడిపోతుంది.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పద్మినికి జీపులాగా వేరే చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. వెనక కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు, బాడీకే బిగించి ఉంటాయి. నువ్వు కొన్నది రైస్‌మిల్లు షెడ్లోంచి, ఊక దుమ్ము డోర్ల కింద బాక్సుల్లో, కట్టల మౌంటింగుల్లో దూరి తేమని పట్టుకుని కూర్చుంటుంది. పైన క్రీమ్ పెయింటు నిగనిగలాడుతుంటే కింద రేకు అప్పడంలా ఉంటుంది. మ్యాట్లు ఎత్తు, కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడు. దిగబడితే ఇంక ఈ చర్చే అక్కర్లేదు, డీసీఎం పిలువు.

పాయింట్లు_కండెన్సరు:
కోటి గారూ, బ్రేకులు చేయించకుండా రమ్మని నేను అన్లేదు కదా. కానీ మీరు చెప్పినట్టు భయపడితే ఎవడూ పాత బండి ముట్టుకోడు. మా నాన్నగారు ఫియట్లో ఏడుగుర్ని ఎక్కించుకుని, పైన సామాను కట్టి తిరుపతి ఘాటు ఎక్కించారు, అప్పుడు ఏ సర్క్యూట్ ఉంది?

డ్రమ్ముల_కోటి:
నాన్నగారి బండి వారం వారం రోడ్డు మీద తిరిగిన బండి సార్. ఏ శబ్దం కొత్తదో, పెడల్ ఎక్కడ పట్టుకుంటుందో ఆయనకి తెలుసు. అప్పట్లో ఊరూరా షాపు, ప్రతి షాపులో ఆ కప్పులు దొరికేవి, రోడ్డు మీద మిగతా బండ్లు కూడా యాభై అరవై దాటేవి కావు. ఇప్పుడు హైవే మీద స్పీడు వేరు, వెనకాల ఏబీఎస్ బ్రేకులున్న కొత్త బండి నీ బంపరుకి రెండు గజాల్లో. నువ్వు ఆపలేకపోతే ముందున్నది ఎవరో స్కూటీ మీద వెళ్ళే ఆవిడ. నీ బండి, నీ సరదా, నీ రిస్కు అంటే సరే, ఆవిడ ఏం చేసింది?

ఎల్బీనగర్_అన్న:
అన్నా నేను సూర్యాపేట రూట్ల డైలీ బండ్లు పంపుత. 65 నంబర్ హైవే మీద చిల్లకల్లు టోల్ నుంచి పంతంగి టోల్ దాక కంటైనర్లు, వోల్వో బస్సులు ఎట్ల పోతయో నాకు ఎరుకే. చౌటుప్పల్ కాడ బండి ఆగిపోతే పక్కకు నూకుదామన్నా సందు దొరకది, రాత్రి పూట పాత బండికి టెయిల్ లైట్ మసక ఉంటది, గదే పెద్ద డేంజర్. డీసీఎం గురించి ఒక ముచ్చట చెప్త. హైదరాబాద్ నుంచి ఖాళీ బండి పిలిస్తే రెండు దిక్కుల కిరాయి పడ్తది. గట్ల కాకుండ భీమవరం, తణుకు దిక్కు సరుకు దింపి ఖాళీగ వాపస్ వచ్చే బండిని మాట్లాడుకో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్ల అడిగితే చెప్తరు, సగం ధరకు అయితది. ఎక్కించుడు కూడ కష్టం కాదు, గట్టు ఎత్తుగ ఉన్న జాగల బండిని వెనక్కి పెట్టి చెక్కలు ఏస్తే సాఫ్‌గ ఎక్కుతది. తాళ్ళు బంపర్‌కు కట్టనియ్యకు, చక్రాలకు కట్టియ్యి.

కాగితాలు_ముందు:
అందరూ బండి గురించి మాట్లాడుతున్నారు, హెడ్మాస్టారి గురించి ఎవరూ మాట్లాడటం లేదండి. నా అభ్యంతరం అక్కడుంది.

1986 బండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. పదేళ్ళ పైన కదలని బండికి రెన్యువల్ చేసి ఉండరు, అంటే ఆర్సీకి ఇప్పుడు వాలిడిటీ లేదు. మూడక్షరాల నంబర్లు చాలావరకు ఆన్‌లైన్ రికార్డుల్లోకే ఎక్కలేదు, పాత రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. ఇన్సూరెన్స్ ఎలాగూ లేదు. థర్డ్ పార్టీ పాలసీ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి రూ. 2,000 ఫైను, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ చెల్లని బండి నడిపినందుకు రూ. 5,000 దాకా వేరే. ఫైన్లు కట్టేస్తాం అంటారు కుర్రాళ్ళు, కట్టేయండి, నాకు బాధ లేదు.

కానీ నందిగామ దగ్గర ఎవరికైనా తగిలితే? ఇన్సూరెన్స్ లేకపోతే యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం ఓనరు కట్టుకోవాలి. ఓనరు ఎవరు? డబ్బులిచ్చి తాళాలు తీసుకున్న మీరు కాదు, ఆర్సీలో పేరున్న ఆయన. బండి చేతులు మారినా రికార్డులో పేరు మారనంత వరకు రిజిస్టర్డ్ ఓనరుదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. చూపు తగ్గిన పెద్దాయన, ప్రేమగా దాచుకున్న బండి మీకిచ్చి, మీరు చేసిన యాక్సిడెంటుకి తణుకు నుంచి కోర్టుల చుట్టూ తిరగాలి. స్టాంపు పేపరు మీద ఈ రోజు నుంచి బాధ్యత నాదే అని రాసిచ్చినంత మాత్రాన ఆయన బయటపడడండి. మీ సరదా ఖర్చు మీరు పెట్టుకోండి, ఆయన మీద పెట్టకండి.

తణుకు_టు_ఉప్పల్:
కాగితాలు గారూ, ఇది చదివాక అరగంట ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. మాస్టారి మీద పడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. మరి మార్గం ఏంటి? 50 ఏళ్ళు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉందంటగా, అది కుదరదా?

కాగితాలు_ముందు:
మీ బండికి కుదరదండి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండాలి, 1986 అంటే ఇంకా టైముంది. 2021లో తెచ్చిన ఆ రూల్లో వీఏ అనే అక్షరాలతో నంబరిస్తారు, రూ. 20,000 ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది, కానీ ర్యాలీలకీ ఎగ్జిబిషన్లకీ మెయింటెనెన్సుకీ తప్ప రోజువారీ తిరగడానికి పనికిరాదు. మీకు మామూలు రెన్యువలే దారి. 15 ఏళ్ళు దాటితే బండి తుక్కే అని కొందరు భయపెడతారు, అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ, మనకి కాదు. రెన్యువల్ ఫీజు మాత్రం 2025 ఆగస్టులో కేంద్రం పెంచింది, 20 ఏళ్ళు దాటిన కారుకి పదివేలు, పైన లేటు ఫీజు, గ్రీన్ ట్యాక్సు. బండిని ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. మాస్టారి పేరు మీదే రెన్యువల్ చేయించి, ఇన్సూరెన్సు కట్టి, పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు తీసుకుని, అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌వోసీ తీసుకుని తెలంగాణలో మీ పేరు మీదకి మార్చుకోండి. ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే అడగండి.

లెస్టర్_లో_గుంటూరోడు:
యూకే సంగతి చెప్తా, పోల్చుకోడానికి. ఇక్కడ 40 ఏళ్ళు దాటిన బండికి ఏటా చేసే ఎంవోటీ అనే ఫిట్‌నెస్ టెస్టు అక్కర్లేదు, 2018 నుంచి అలా మినహాయింపు ఉంది, కానీ కండిషన్ బాగాలేని బండి రోడ్డు మీద కనపడితే నేరమే, ఇన్సూరెన్సు లేకపోతే కెమెరాలే పట్టిస్తాయి. ఆ మినహాయింపు ఉన్నా మా క్లబ్బులో పెద్దాళ్ళు ఏటా డబ్బులిచ్చి టెస్టు చేయించుకుంటారు. షెడ్లోంచి తీసిన బండిని ట్రైలర్ మీద తప్ప ఒక్కరూ ఇంటికి తేరు, దాన్ని ఇక్కడెవరూ చిన్నతనంగా చూడరు.

పాయింట్లు_కండెన్సరు:
మీరందరూ కలిసి నా మాటే బలపరుస్తున్నారు, గమనించండి. రెన్యువల్‌కి బండి ఇన్‌స్పెక్టరుకి చూపించాలి అంటే బ్రేకులు, లైట్లు, హారను అక్కడే తయారవ్వాలి కదా. నేను మొదట్నుంచీ అంటున్నది అదే, పని గోదావరి జిల్లాల్లోనే చేయించు అని. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు నాలుగూ, హోసులు, 5.20-14 సైజులో కొత్త టైర్లు, ట్యాంకు దింపి కడిగించడం, ఎలుకలు కొరికిన వైరింగు. తర్వాత కాగితాలు. తర్వాత తణుకు, అత్తిలి, భీమవరం మధ్య చిన్న రోడ్ల మీద పొద్దున్నే తిప్పుతూ ఉండు, ఏది కారుతుందో ఏది వేడెక్కుతుందో బయటపడుతుంది. అప్పుడు కూడా డీసీఎం ఎక్కించమంటారా కోటి గారూ?

డ్రమ్ముల_కోటి:
అన్నీ చేశాక, లోకల్‌గా కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక, కింద రేకు గట్టిగా ఉంటే, నేనే వచ్చి పక్క సీట్లో కూర్చుంటానండి. నేను వద్దన్నది కొన్న రోజు సాయంత్రమే బయల్దేరడాన్ని. ఒక్క మాట మాత్రం వదలను, డ్రమ్ములు విప్పినప్పుడు లోపల ఫొటోలు తీసి ఇక్కడ పెట్టాలి, కొత్త కప్పులు వేసి పాత సిలిండర్లే తోమి బిగించేస్తారు చాలామంది, గుంటలున్న సిలిండరులో కొత్త కప్పు నిలవదు.

ఎల్బీనగర్_అన్న:
నేనైతె గిప్పటికీ డీసీఎం అనే అంట. తణుకు కాడ తిప్పుడు వేరే, ఈ హైవే వేరే. నీ ఇష్టం మరి.

తణుకు_టు_ఉప్పల్:
సరే, ఇప్పటికి బండి అక్కడే ఉంటుంది. మాస్టారికి ఫోన్ చేసి విషయం చెప్పాను, షెడ్డు ఎన్నాళ్ళు కావాలన్నా వాడుకోమన్నారు, కోళ్ళని మాత్రం ఖాళీ చేయిస్తానన్నారు. ఆదివారం వెళ్ళి మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాను, వెనక కట్టల దగ్గర ఫొటోలు పెడతాను. రేకు పోయి ఉంటే అన్న చెప్పినట్టు రిటర్న్ డీసీఎం. పాయింట్లు అన్నా, భీమవరం వైపు ఫియట్ మేస్త్రీ ఎవరైనా ఉంటే నంబరు మెసేజ్‌లో పెట్టండి. కోటి గారూ, వీల్ సిలిండర్లు ముందువీ వెనకవీ ఒకటే సైజా, వేరువేరుగా తీసుకోవాలా?

డ్రమ్ముల_కోటి:
పాతవి విప్పి చేతిలో పట్టుకుని షాపుకెళ్ళు, ముందు వెనక విడివిడిగా కొలిపించి తీసుకో. ఫోన్లో సైజు చెప్పి ఆర్డరివ్వకు.