లైసెన్సు లేని డీఅడిక్షన్ సెంటర్‌కి పంపొచ్చా?

పొన్నూరు వాసి:
మా బావ తాగుడు మానేస్తానని తనే ఒప్పుకున్నాడు. మా ఊళ్లో మాన్పించే కౌన్సెలర్ ఎవరూ లేరు. తెనాలి వైపు ఒకాయన సెంటర్ నడుపుతున్నాడు, ఆయనా ఒకప్పుడు తాగి మానేసినవాడే. లైసెన్సు ఉందా అంటే అనుభవం ఉందన్నాడు. ఈలోపు అన్నంలో కలిపి పెట్టమని అక్క చేతికి బిళ్లలిచ్చాడు. ఏం చేయమంటారు?

కృష్ణలంక:
పంపించండి. తాగుడు బాధ తాగి బయటపడ్డవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1935 నుంచి నడుస్తున్నది ఆ నమ్మకం మీదే. కాగితాలు చూస్తూ కూర్చుంటే మీ బావ మనసు మారిపోతుంది.

కొత్తపేట మందులషాపు:
కృష్ణలంక గారూ, ఏఏ వాళ్లంటే నాకూ గౌరవమే. కానీ వాళ్లు ఫీజు తీసుకోరు, మందులివ్వరు, మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యరు. ఈయన బిళ్లలిస్తున్నాడు!

పొన్నూరు గారూ, ముందు ఆ బిళ్లలు ఆపించండి. అది తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అయితే, తెలియక దాని మీద తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. మనిషికి చెప్పి, పరీక్షలు చేసి డాక్టరే ఇవ్వాల్సిన మందది. పప్పులో కలిపితే తెలియని బిళ్ల కావాలని మా కౌంటర్ దగ్గరికీ వస్తారు. వాళ్ల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అయినా ఇవ్వను.

ఇక లైసెన్సు. అడిక్షన్ కౌన్సెలర్ అని విడిగా లైసెన్సిచ్చే బోర్డు మన దేశంలో లేదు. అందుకని క్లినికల్ సైకాలజిస్టునంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు అడగండి, సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరు. మనుషుల్ని ఉంచుకుని వైద్యం చేసే సెంటర్ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో నమోదై ఉండాలి. గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం.

కృష్ణలంక:
సైకియాట్రిస్టు అంటే చాలు, నేనేమన్నా పిచ్చోణ్నా అని తిరగబడతారండి. మా ఇంట్లో అదే జరిగింది. ఆ సెంటరాయన మాటైతే వింటారు.

కొత్తపేట మందులషాపు:
వింటారు, ఒప్పుకుంటా. అలాంటాయన్ని పక్కన తోడుగా కూర్చోబెట్టుకోండి, వైద్యం మాత్రం డాక్టరుది. పొన్నూరు గారూ, మీ బావ పొద్దున లేవగానే తాగుతాడా? తాగకపోతే చేతులు వణుకుతాయా?

పొన్నూరు వాసి:
రెండూ ఉన్నాయండి. రేపటి నుంచి చుక్క ముట్టనని ఒట్టేశాడు.

కొత్తపేట మందులషాపు:
ఇంట్లో ఒక్కసారిగా ఆపనివ్వకండి. అలాంటివాళ్లకి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనబడి కలవరిస్తారు, ప్రాణమే పోవచ్చు. రేపు పొద్దున్నే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ ఓపీకి తీసుకురండి, మిగిలిన ఆ బిళ్లలూ పట్టుకురండి. ఈ రాత్రి ఏదన్నా అనుమానం వస్తే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి గానీ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి గానీ చేయండి. ఫిట్స్ వస్తే మాత్రం ఆగకుండా 108.