బూజు టెస్ట్ కిట్‌లో 7 చుక్కలు: ఈ అంకెకి అర్థం ఉందా?

న్యూజెర్సీ ఇల్లు, బేస్‌మెంట్. కంటికి బూజేమీ కనబడదు గానీ తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. గాలిలో తేమ 68 శాతం. దుకాణంలో దొరికే అగర్ ప్లేటు (బూజు మొలిచేలా జెల్లీ పోసిన పళ్లెం) గంటసేపు తెరిచి, మూతపెట్టి చీకట్లో ఉంచితే నాలుగో రోజుకి 7 చుక్కలు: ఐదు ఆకుపచ్చ, రెండు నల్లవి.

అనుమానం ఆ అంకె మీదే. స్పోర్లు (బూజుకి విత్తనాల్లాంటి సూక్ష్మ రేణువులు) లేని ఇల్లు ఉండదు, ప్లేటు తెరిస్తే ఏదో ఒకటి మొలవక మానదు. పైగా దానంతటది రాలిందే లెక్కకొస్తుంది: బరువైనవి త్వరగా పడతాయి, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజుల సన్న స్పోర్లు తేలుతూనే ఉంటాయి. చచ్చిన స్పోర్లు మొలవవు, అలర్జీ మాత్రం తెప్పిస్తాయి. అందరూ హడలిపోయే నల్లబూజు స్టాకిబోట్రిస్‌వి జిగురు స్పోర్లు. గోడలకి బిగించే జిప్సం బోర్డు తడిస్తే దాన్ని పట్టుకునే ఉంటాయి, గాలిలోకి అంత తేలిగ్గా లేవవు. నల్ల చుక్క అంటే అదేనని ఎలా అనుకుంటాం? ఎన్ని లీటర్ల గాలిలోంచి వచ్చాయో తెలియనప్పుడు 7 ఎక్కువా, తక్కువా? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా గాలిలో బూజుకి పరిమితేదీ పెట్టలేదు.

వాకిట్లో ఒక ప్లేటు, పై అంతస్తులో ఒకటి, అసలు తెరవనిది ఒకటి, అన్నీ ఒకే రోజు పెడితే కనీసం పోలికకైనా పనికొస్తాయా? లేక నిమిషానికి 15 లీటర్లు లాగే పంపుతో స్పోర్ ట్రాప్ (కొలిచిన గాలిలోంచి స్పోర్లను పట్టి లెక్కించే పరీక్ష) తీయించడమే మేలా? ఇంకో మాట: పిన్ మీటర్ (సూదులు గుచ్చి తేమ కొలిచేది) పెడితే ఉత్తరం గోడ కింది చెక్కపట్టీలో 22 శాతం తేమ, మిగతా గోడల దగ్గర 12. ఈ పరీక్షలన్నీ పక్కనపెట్టి, ఆ పట్టీ ఊడదీసి బోర్డు వెనక చూడటమే ముందు చేయాల్సిన పనా? అయితే బోర్డుని ఎంత ఎత్తువరకు కోయాలి?